పెళ్లిగోడకు బెజ్జం

కరెంటు పోవడానికి ఒక చప్పుడుంటుంది. ఫ్రిజ్జు గొంతు మూగబోతుంది, వంటింట్లో మిక్సీ కొబ్బరిని సగం నమిలి ఆగిపోతుంది, పందిట్లో పాటల పెట్టె పాడుతున్న మాటను మధ్యలో మింగేస్తుంది, అప్పటిదాకా వినపడని వానగాలి, పోకతోటలో మట్టలు ఒకదాన్నొకటి రాసుకునే గరగర ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చి కూర్చుంటాయి. కెరియప్ప స్టూలు దిగి, డ్రిల్లు మిషను ఒళ్లో పెట్టుకుని, అదే స్టూలు మీద కూలబడ్డాడు. ఇంకొక్క క్షణం కరెంటు ఉండి ఉంటే గోడకు బెజ్జం పడిపోయేది. పెన్సిలుతో తమ్ముడి భార్య నాగవేణి పెట్టిన గుర్తు పైన కనపడుతూనే ఉంది, చిన్న అడ్డగీత, దాని మీద నిలువుగీత, సరిగ్గా పల్లకీ మోసే మనిషి మెడ దగ్గర. ఆ మనిషి ఈరమ్మ వేసిన మనిషి. ఆ పల్లకీ ఈరమ్మ వేసిన పల్లకీ. పల్లకీ చుట్టూ నిచ్చెనలు, పక్షులు, గళ్లు, ఎర్రమట్టి మీద బియ్యపు పిండితో గీసిన తెల్లగీతలు, గోడ నిండా, మనిషికి అందనంత ఎత్తు దాకా. ఈరమ్మ అతని పెళ్లాం. "కరెంటు రాంగానే కొట్టేయండి బావగారూ, ఆలిస్యం చేస్తే మళ్లా పోతాది" అని వంటింట్లోంచి నాగవేణి కేకేసింది. కొట్టేయాలంట. ఈగను కొట్టినట్టు కొట్టేయాలంట. పలికే అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ లేదు, బళ్లో అయ్యవారు పేరు పిలిచినా చెయ్యి ఎత్తేవాడు తప్ప నోరెత్తేవాడు కాదు, ఆ లెక్కన ఈ వయసుకి ఎన్ని మాటలు కడుపులో పోగుపడి ఉండాలి, అవన్నీ ఇవాళ ఒక్కసారే పైకి ఎగదన్నుకొస్తున్నాయి.

గోడకి ఆనించి ఉంది అది. పటం. పెద్ద గాజుపటం, నల్లటి చట్రం, తలుపు రెక్కంత ఉంది. సాగర పట్నంలో అంగడి నుంచి నాగవేణి తెప్పించింది. దాని లోపల ఉన్నదీ ఇదే బొమ్మ, పల్లకీ, నిచ్చెనలు, పక్షులు, అన్నీ ఇవే, కాకపోతే మిషను అచ్చు గుద్దింది, ఒక పక్షికీ ఇంకో పక్షికీ రవ్వంత తేడా లేదు, అన్నీ ఒక తల్లి ఒకే కాన్పులో కన్నట్టు ఒకటే ముఖం. గాజులో అతని మోకాళ్లు, డ్రిల్లు మిషను, వెనక తలుపు కనపడుతున్నాయి. పొద్దున ముందు రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చారు, ఎంత బరువైనా మోస్తుందని డబ్బా మీద రాసి ఉందంట, అతికించి చేతులు దులుపుకున్నారు, కాఫీ లోటా దించేలోపు గోడ మీది మట్టి పొరలు పొరలుగా టేపుకి అంటుకుని ఊడొచ్చింది, పటాన్ని తమ్ముడు గణపతి చేతులు చాచి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ ఊడిన మట్టితో రెండు పక్షులు పోయాయి. పక్షులు పోయాయని ఒక్కరూ అనలేదు. గాజు పగల్లేదు, దేవుడి దయ, అన్నారు. అది అయిందా, తరవాత ఇంకో డబ్బా విప్పారు, అందులో ఇత్తడి కొక్కేలు, ఇనప మరమేకులు, బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ గిట్టీలు, మెలితిప్పిన తీగ, పటం గీరుకుని గోడకి మచ్చ పడకుండా మూలల్లో అంటించే రబ్బరు బొడిపెలు. గోడకి మచ్చ పడకుండా! ఆ మాట నాగవేణి చదువుతుంటే అతనికి నవ్వు రావాల్సింది, రాలేదు, చెవుల దాకా వేడి ఎక్కింది. బొమ్మ గుండెలో ఇనుము దింపి, దాని మీద అదే బొమ్మని వేలాడదీసి, గోడకి మచ్చ పడకుండా రబ్బరు బొడిపెలు. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, ఒక్కరి కళ్లకీ ఇది కనపడదా?

వేరే గోడకి కొట్టుకోమని పొద్దుననే అన్నాడు. అన్నాడు, ఆ మాత్రం అన్నాడు. ఈ నడవలో నాలుగు గోడలున్నాయి, వాకిట్లో ఉన్నాయి, పోకచెక్కలు ఆరబోసే కొట్టానికి ఉన్నాయి. నాగవేణి చీర కొంగు నడుముకి చుట్టుకుంటూ, "అదేంది బావగారూ, పెద్దోళ్లు మీరే అట్లంటే ఎట్లా, పెళ్లికొడుకు పెళ్లికూతురు కూచునేది ఈ గోడ కిందనే కదా, బొమ్మ ఈ గోడకే ఉండాల, వేరే గోడకి పెడితే ఊరోళ్లు ఏమనుకుంటారు, ఆచారం తప్పినారు అనరా?" అంది. ఆమె చెప్పింది నిజమే. బొమ్మ ఈ గోడకే ఉండాలి. ఇంట్లో పెళ్లి అంటే ఈ గోడే, చాప వేసి ఇద్దర్నీ దీని కిందే కూర్చోబెడతారు, అతనూ ఈరమ్మా కూర్చున్నారు, గణపతీ నాగవేణీ కూర్చున్నారు, కూతురు శాంత కూర్చుంది. ఆచారం ఆమెకి అక్షరం తప్పకుండా తెలుసు. తెలిసే, ఆచారం కోసమే, ఆచారానికి బెజ్జం పెడుతోంది. ఇట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం, తప్పు చేసేవాడితో వాదించొచ్చు, అన్నీ సరిగ్గా చేస్తూ తప్పు చేసేవాళ్లతో ఎట్లా? గణపతి అయితే ఎప్పటిలాగే రెండు చేతులూ జోడించి, "ఈ రెండు రోజులు సర్దుకుందాం అన్నా, నీకు పుణ్యముంటాది" అన్నాడు. వాడి బతుకంతా సర్దుకోవడమే. మిరియాల తీగకి తెగులొస్తే సర్దుకుందాం, కోతులు వచ్చి తోట దోచుకుంటే సర్దుకుందాం. పెళ్లి వాడి కొడుకుది, శశిది, అందుకని అన్న నోరు మూసుకోవాలి. మూసుకున్నాడు కదా. డ్రిల్లు కూడా చేతికిచ్చారు కదా. ఇంటికి పెద్ద కాబట్టి శుభమా అని మొదటి బెజ్జం అతనే పెట్టాలంట.

గాలి ఒక్క విసురు విసిరింది, పందిట్లో కట్టిన మామిడాకులు పటపట కొట్టుకున్నాయి. ఏ మలుపులోనో చెట్టు తీగల మీద పడి ఉంటుంది. ఇక కరెంటు గంటకి వస్తుందో, రేపొస్తుందో. రాకపోతే బాగుండు. ఈ మాట అనుకోగానే అతనికి ఇంకో మంట లేచింది, ఏనాడో చల్లారిపోయింది అనుకున్నది. కరెంటు! ఈ కరెంటు కోసమే కదా శరావతి నది మీద ఆనకట్ట కట్టింది, ఈ కరెంటు కోసమే కదా వాళ్ల ఊరు నీళ్లలో కలిసింది, అతనికప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు, నాన్న భుజం మీద కూర్చుని చూశాడు, బండ్లకి ఎత్తిన తలుపులు, దూలాలు, ధాన్యపు గాదె, నాన్న గోడలోంచి ఊపి ఊపి పీకిన చిలక్కొయ్యలు, గొడుగులు తగిలించేవి, పోకమట్ట పట్టతో కుట్టిన టోపీలు తగిలించేవి, ఒక్కొక్క కొయ్య ఊడొచ్చినప్పుడల్లా గోడలోంచి మట్టి రాలేది, ఎండిన పుండులోంచి రాలినట్టు. అన్నీ ఎక్కించారు. వెలుతురంతా ఎక్కడో పట్నాలకి పోయింది, వీళ్లకి మాత్రం గాలి వీస్తే పోయేంత కరెంటు మిగిలింది. ఆ ఇంట్లోనూ ఇట్లాంటి గోడే ఉండేది. అమ్మ వేసిన బొమ్మ. దాన్ని బండికి ఎత్తలేకపోయారు. ఎట్లా ఎత్తుతారు? అమ్మ వెనక్కి తిరిగి చూసిందా? చూసే ఉంటుంది అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాడు, ఇప్పుడు ఆలోచిస్తే ఏమీ గుర్తు రావడం లేదు, అమ్మ కోళ్లగంప నెత్తిన పెట్టుకుని బండికంటే ముందు నడిచింది, అదొక్కటే గుర్తు. కొత్త ఇంట్లో చిలక్కొయ్యలు మళ్లీ పాతారు, తడిమట్టిలోనే, గోడ పెడుతూ పెడుతూనే, అందుకే అవి ఇప్పటికీ గోడ కన్న పిల్లల్లా ఉన్నాయి, వడ్లబస్తా తగిలించినా కదలవు. ఈ ప్లాస్టిక్ గిట్టీలు మట్టిగోడలో ఏం నిలుస్తాయి, పెళ్లి మధ్యలో ఈ తలుపు రెక్కంత గాజు శశి నెత్తిన పడితే అప్పుడు సర్దుకుందాం అంటాడా గణపతి?

వెనక వసారాలో టక్ టక్ మని చప్పుడు. ఈరమ్మ పనసగింజల పై తొక్క తీస్తోంది, ఒక్కో గింజనీ రాతి మీద పెట్టి చిన్న గుండుతో కొడుతుంది, రెండు దెబ్బల్లో ఒకటి గింజ మీద పడుతుంది, ఒకటి రాతి మీద పడుతుంది. పోయిన వానల్లో జ్వరం వచ్చి తగ్గాక కుడిచేతికి ఈ వణుకు పట్టుకుంది. పులుసు గరిటె ఎత్తితే సగం పొయ్యిలో పోతుంది. మొదట్లో ఇంట్లో అందరూ అయ్యో అన్నారు, తరవాత గరిటె ఆమె చేతికి అందకుండా జరపడం మొదలుపెట్టారు, అన్నం ఇంకొకరు వడ్డిస్తారు, కాఫీ ఇంకొకరు తెస్తారు, అది మంచితనమే, మంచితనం కాదని ఎట్లా అంటాం, కానీ చూస్తుంటే మనిషిని కొంచెం కొంచెంగా ఇంట్లోంచి బయటికి జరిపినట్టే ఉంటుంది, ఇప్పుడు వెనక వసారా దాకా జరిపారు. పటం వచ్చిన రోజు ఆమె వచ్చి చూసింది. గాజు మీద వేలితో ఒకసారి రాసి, వేలికి రంగు అంటిందేమో అన్నట్టు చూసుకుని, మళ్లీ వెళ్లిపోయింది. అప్పటి నుంచి మాట లేదు. అతను మాట్లాడకపోవడం ఇంట్లో ఎవరికీ కొత్త కాదు, ఆమె మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. రాత్రి పక్క మీద అటు తిరిగి పడుకుంది, ఏడుస్తోందేమో అని చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. ఏమని ఓదారుస్తాడు? నీ ఆఖరి బొమ్మకి మేకు కొట్టబోయేది నేనేనే అనా?

శాంత పెళ్లికి వేసిన బొమ్మ ఇది. ఈరమ్మ అప్పుడు నేల మీద పీట వేసుకుని మొదలుపెట్టి, పీట మీంచి స్టూలు, స్టూలు మీంచి నిచ్చెన ఎక్కుతూ వేసింది, గోగునార కుంచె పిండిలో ముంచి, ఊపిరి బిగబట్టి, కింది నుంచి పై దాకా ఒక్క గీత, మధ్యలో ఆగదు, గీత గీస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ కుంచెతోనే ముఖాన ఒక్క చరుపు చరిచేది. ఒకసారి గణపతి చెంప మీద తెల్లటి అడ్డగీత పడి, వాడు దాంతోనే సంతకి పోయొచ్చాడు. ఆ చెయ్యి ఇప్పుడు రాతిని కొడుతోంది. టక్. టక్. ఇందాక శశి ఫోను పట్టుకుని వచ్చి, "పెద్దనాన్నా, పాతది బాగా మాసిపోయింది కదా, ఫోటోల్లో డల్లుగా వస్తాది, ఇది మీద పెడితే అదే బొమ్మ కొత్తగా ఉన్నట్టు ఉంటాది, ఎవరికీ తెలీదు" అన్నాడు. ఎవరికీ తెలీదంట. వాడు మంచి పిల్లవాడే, పెద్దమ్మ అంటే ప్రాణం పెడతాడు, ఆమె చేతికి సాగరలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది వాడే. అదే కదా మంట. చెడ్డవాళ్లయినా కాకపోయిరి, నాలుగు తిట్టి లేచి పోవడానికి. కరెంటు వస్తే ఏం చేయాలి? గుర్తు మీద కాకుండా పక్కన పెడితే? పక్కన పక్షి. కింద పెడితే? కింద నిచ్చెన. ఎక్కడ చూసినా ఆమె చెయ్యే ఉంది, ఖాళీ అన్నది లేకుండా వేసిందే ఈ గోడని, ఒక్క మేకు పట్టే చోటు వదల్లేదే. డ్రిల్లు మొన విరగ్గొట్టేస్తే? ఇనప ముక్క కదా, రాతికి వేసి ఒక్క తిప్పు తిప్పితే విరుగుతుంది, విరిగిందని చెప్పొచ్చు, అంగడికి పోయి ఇంకోటి తెచ్చేసరికి పొద్దుగూకుతుంది. దొంగతనంగా! సొంత ఇంట్లో, సొంత పెళ్లాం బొమ్మని కాపాడుకోవడానికి దొంగతనంగా! అతని పిడికిలి మిషను పిడి మీద బిగుసుకుంది.

ఒళ్లో మిషను కెవ్వుమంది. కరెంటు వచ్చింది. పోయినప్పుడు నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోయినట్టుంది, అది పిల్లి పిల్లలా ఎగిరి పంచెని చుట్టుకుని, గిర్రున తిరుగుతూ తొడ మీదికి వచ్చింది, అతను రెండు చేతులతో దాన్ని ఆవలికి పట్టుకుని తీగ లాగేశాడు. పంచె మెలిచుట్టుకుని మోకాలి నుంచి నడుము దాకా చిరిగింది. వంటింట్లో మిక్సీ, పందిట్లో పాట, ఫ్రిజ్జు, ఫ్యాను, అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి, అందరూ పరిగెత్తుకొచ్చారు.

"తొడకి తగిలిందా? రక్తమేమన్నా?" అని గణపతి.

"లేదులే."

"ఇంక ఆలిస్యం చేయొద్దు బావగారూ, గుర్తు పెట్టిందే ఉంది, గట్టిగా ఒక్క నొక్కు" అంది నాగవేణి పటం చట్రం పట్టుకుంటూ.

"నేను కొట్టను" అన్నాడు కెరియప్ప. అతని గొంతు అతనికే కొత్తగా వినపడింది. "దాని మీద బెజ్జం పడడానికి వీల్లేదు. అది ఈరమ్మ బొమ్మ. ఆఖరిది. మీకు కళ్లు లేవా? ఇంటిల్లిపాదికీ కళ్లు లేవా?"

ఎవరో వంటింట్లో మిక్సీ ఆపేశారు. పనసగింజల చప్పుడూ ఆగిపోయింది. వెనక తలుపు దగ్గర ఈరమ్మ నిలబడి ఉంది, ఒళ్లో తొక్కలు దులుపుకుంటూ.

"ఎవరిదయ్యా ఆఖరిది?" అంది.

ఆమె లోపలికి వచ్చేసింది. "ఆఖరిది అని నీకు ఎవరు చెప్పినారు? నేను చెప్పినానా? ఆ పటం తెచ్చిన నాగవేణి ఒక ఎత్తు, నువ్వొక ఎత్తు. అది బొమ్మని గాజు కింద పెట్టింది, నువ్వు గాజు లేకుండా పెట్టినావు, అంతే తేడా. పొద్దున్నించి స్టూలేసుకుని దీని ముందర కాపలా కూచున్నావే, శవం ముందర కూచున్నట్టు!"

"పాడైపోతాదని..."

"పాడైపోనీ! ఇది శాంత పెళ్లి బొమ్మ. శాంత పెళ్లి అయిపోయి దానికి బిడ్డ కూడా పుట్టింది. శశిగాడి పెళ్లికి శాంత బొమ్మ కింద కూచోబెడతారా, ఇంకొకరి చీర కట్టించినట్టు? మీ అమ్మ ఏ పెళ్లికన్నా పాతది ఉంచిందా? పెళ్లి అనంగానే ఎర్రమట్టి పూసి పారేసేది కాదా? పెళ్లి ఖాయమైన కాడ్నించి చూస్తా ఉన్నాను. ఎవుడన్నా తట్టెడు ఎర్రమట్టి తెస్తాడా, ఎవుతన్నా బియ్యం నానబెడతాదా అని. ఒక్కరు! ఒక్కరు నన్నడిగినారా? చెయ్యి వణుకుతాంది అని అందరూ చూసినారు. చేతకాదని నేనన్నానా?"

నాగవేణి ఏదో అనబోయింది. "అక్కా, నీకు కష్టమవుతాదని..."

"అయితే నాకవుతాది."

కెరియప్ప ఆమె ముఖం వైపు చూశాడు, రాత్రి అటు తిరిగి పడుకున్నది ఏడవడానికి కాదు, కోపానికి. ఇంత కోపం పక్కన పెట్టుకుని తను నిద్ర పట్టక దొర్లుతూ, ఆమెని ఓదార్చాలనుకున్నాడు! అతని ఒంట్లో పొద్దున్నించి ఉడికిన ఉడుకంతా దిక్కు తెలియక ఒక్క క్షణం నిలబడిపోయి, తరవాత తన్ను తానే చుట్టుకుంది. మాటలన్నీ ఇందాకే అయిపోయాయి. గునపమూ తట్టా తీసుకుని తోట వెనక కాలువ గట్టుకి పోయాడు, వానకి మెత్తబడిన ఎర్రమట్టి తవ్వాడు, తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఎవరో బియ్యం నానబోసి ఉన్నారు, గణపతి గోగునార చివరలు నలగ్గొడుతున్నాడు, సర్దుకోవడం వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కెరియప్ప బకెట్లో మట్టి కలిపి, విప్పేసిన పంచె ఎట్లాగూ చిరిగిందే కదా అని చింపి, గుడ్డ ముంచి గోడ ముందు నిలబడ్డాడు. అక్కడ చెయ్యి ఆగింది. పల్లకీ. మోసే మనిషి మెడ దగ్గర పెన్సిలు గుర్తు. వెనక నుంచి ఈరమ్మ చూపు వీపుకి తగులుతూనే ఉంది. గుడ్డ పెట్టి రాశాడు. తెల్లగీతలు ఎర్రనీళ్లలో కరిగి మోచేతి మీదుగా కారాయి. పల్లకీ పోయింది, పక్షులు పోయాయి, నిచ్చెనలు పోయాయి, ప్రతి రాపుకీ అతని పళ్లు బిగుసుకున్నాయి, ఆమెకి నొప్పి లేకపోవచ్చు, అతనికుంది, ఆమెకి లేదు కదా అని అతనికి ఉండకూడదా? ఆ కోపంతోనే మూలమూలలా పూశాడు. ఎర్రనీళ్లు చిమ్మి గాజుపటం మీద పడ్డాయి. "అయ్యో బావగారూ" అంటూ నాగవేణి కొంగుతో తుడవబోయి, ఇంకా అలికి, చివరికి దాన్ని ఎత్తి పోకచెక్కల కొట్టంలోకి మోసుకుపోయింది.

గాలి ఉండబట్టి గోడ త్వరగానే ఆరింది. ఎండ వాలి గుమ్మంలోంచి నడవ మధ్య దాకా వచ్చింది. ఈరమ్మ నేల మీద పీట వేసుకుని కూర్చుంది. కుంచె ముంచింది. ఎత్తేలోపే సగం పిండి చుక్కలుగా రాలింది. ఊపిరి బిగబట్టి కింద మూల కుంచె ఆనించి పైకి లాగింది. గీత లేచింది, వణికింది, పాముపిల్లలా అటూ ఇటూ మెలికలు పోయింది, కానీ తెగలేదు. మధ్యలో ఆగకుండా ఆమె చెయ్యి అందేంతవరకూ పోయింది. శశి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాగవేణి మాత్రం ఉండలేక, వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండో గీతకి ఈరమ్మ మణికట్టు పట్టుకోబోయింది.

ఈరమ్మ కుంచెతో ఆమె చెంప మీద ఒక్క చరుపు చరిచింది.

"చెయ్యి వదులు" అంది. "పట్టుకుంటే పిండిగిన్నె పట్టుకో."